ఏ ఊరు మనది?

నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కి కూర్చోండి. పక్కన కూర్చున్న పెద్దాయన మీ పేరు అడగడు. చేతిసంచి కాళ్ళ మధ్య సర్దుకుని, బస్సు కదలకముందే "ఏ ఊరు మనది?" అంటాడు. 'మీది' అనడు, 'మనది' అంటాడు. రుద్రవరం అంటే అక్కడ తనకు తెలిసిన నలుగురి పేర్లు చెబుతాడు. చాగలమర్రి అంటే తన మేనత్తను ఇచ్చింది ఆ ఊరికే అంటాడు. సిరివెళ్ల దాటేసరికి ఇద్దరికీ ఎక్కడో ఒక చుట్టరికం కలుస్తుంది.

మన సీమలో ఆ ప్రశ్న అడగని చోటు ఒకటి ఉంది. జ్వరంతో వణుకుతూ పోయి నిలబడే ఆస్పత్రి కౌంటరు. అక్కడ పేరు అడుగుతారు, వయసు అడుగుతారు, ఫోన్ నంబరు అడుగుతారు, డబ్బు కట్టమంటారు. ఊరి గడిలో 'ఆళ్లగడ్డ' అనో 'నంద్యాల' అనో రాసి పడేస్తారు. చాలాసార్లు అది ఖాళీగానే ఉంటుంది. ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నది ఆ ఖాళీ గడి గురించే.

కొన్నేళ్ళ కిందట, వానలు వెనకపట్టే రోజుల్లో, నా మేనకోడలికి జ్వరం వచ్చింది. వాళ్ళది నల్లమల అంచున ఒక పల్లె. మొదట ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, రెండు రకాల మాత్రలు. మూడో రోజు ఆళ్లగడ్డలో రక్త పరీక్ష. అయిదో రోజు నంద్యాలలో ఒక నర్సింగ్ హోం. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. నేను పోయి వరండాలో కూర్చుంటే ఎదురు బెంచీ మీద అదే పల్లె మనిషి. కొడుకును చేర్చి మూడు రోజులైందట. పై అంతస్తులో ఇంకొకరు, వాళ్ళది అదే వీధి చివరి ఇల్లు. ఒకే పల్లె, ఒకే వీధి, ఒకే జ్వరం. ఆ వరండాలో కలిసేదాకా ఆ సంగతి మాకే తెలీదు. ఆస్పత్రికి తెలిసే వీలుండింది, కానీ వాళ్ళ రిజిస్టరులో ఆ ముగ్గురూ మూడు పడకల నంబర్లు, అంతే. పల్లెలో ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంకు ఆ కబురు చేరేసరికి పది రోజులు దాటింది. ఆమె వచ్చి ఇంటింటా తొట్లు తొంగి చూసి, దోమపిల్లలున్న నీళ్ళు పారబోయించేసరికి వీధిలో సగం ఇళ్ళు మంచం పట్టి ఉన్నాయి. మా పిల్ల బతికింది. ఆ వీధిలో ఒక పసిబిడ్డ దక్కలేదు.

నాకు ఆ డాక్టరు మీద కోపం లేదు. రాత్రి రెండు గంటలకు లేచి వచ్చి పిల్లను చూసిన మనిషి ఆయన. ఏఎన్‌ఎం మీదా లేదు. కబురు అందిన పూటే వచ్చింది ఆమె. వాళ్ళిద్దరి మధ్యా పోయిన పది రోజుల మీదే నా కోపం. ఇన్నేళ్ళయినా అది చల్లారలేదు, చల్లార్చుకోవాలని కూడా లేదు.

పిల్లల్లారా, ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలుసు. శాంతిరామ్ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదువుతున్నవాళ్ళు మీలో ఉన్నారు. 2023 సెప్టెంబరులో నంద్యాలలో తలుపులు తెరిచిన సర్కారు మెడికల్ కాలేజీ తొలి బ్యాచీ వాళ్ళు ఉన్నారు. నర్సింగు చదివి రాత్రి డ్యూటీలు చేస్తున్న ఆడపిల్లలున్నారు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి ఆళ్లగడ్డ మెయిన్ రోడ్డులో రోజంతా సూదులు గుచ్చుతున్న కుర్రాళ్ళున్నారు. డిగ్రీ అయిపోయి, వేరే పని దొరక్క, ఆస్పత్రి కంప్యూటరు ముందు బిల్లులు కొడుతున్నవాళ్ళున్నారు. మందుల షాపులో నిలబడి "జరానికి రెండు గోలీలు ఇయ్యబ్బా" అన్న మాట రోజుకు ఎన్నిసార్లు వింటారో లెక్క పెట్టనివాళ్ళున్నారు. ఈ జిల్లాలో రేపు ఏ మహమ్మారి అడుగుపెట్టినా కలెక్టరుకన్నా ముందు, మంత్రికన్నా ముందు, దాన్ని చూసేది మీరే. చూశామని మీకు తెలియకపోవడమే ప్రమాదం.

మన దగ్గర ఒంట్లో బాగాలేకపోతే జనం ముందు ఎక్కడికి పోతారో ఎవర్నడిగినా చెబుతారు. పల్లెలో ఆర్‌ఎంపీ, ఆళ్లగడ్డలో క్లినిక్కు, అక్కడా తగ్గకపోతే నంద్యాలలో సంజీవనగర్ గేటు దగ్గరో పద్మావతీనగర్‌లోనో ఉన్న ఆస్పత్రి. చేతిలో డబ్బు అయిపోయాక సర్కారు ఆస్పత్రి. అందరూ ఇలాగే పోతారని నేననను. ఊళ్ళోని ఏఎన్‌ఎం దగ్గరికి, ఆశా అక్క దగ్గరికి మొదటే పోయేవాళ్ళూ ఉన్నారు. అయినా మొదటి జ్వరం తట్టేది ఎక్కువసార్లు ప్రైవేటు తలుపునే. ఆ జ్వరం ఎక్కడ పుట్టిందో కనిపెట్టి, నీళ్ళ ట్యాంకు మూయించి, మందు చల్లించి, ఇంటింటి సర్వే చేయించే అధికారం మాత్రం సర్కారుకే ఉంది. చూసే కళ్ళు ఒకరి దగ్గర, కదిలే చేతులు ఇంకొకరి దగ్గర. ఈ రెంటినీ కలిపే నరం తెగి ఉంటే ఎన్ని పడకలు కట్టినా ఏం లాభం?

ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం అన్న మాట ఎత్తితేనే మన రాష్ట్రంలో ఇప్పుడు చెవులు నిక్కబొడుచుకుంటాయి. పక్కనే ఉన్న ఆదోనితో సహా కొత్త మెడికల్ కాలేజీలను ఆ పద్ధతిలో ఇవ్వాలా వద్దా అని పెద్ద తగువే నడిచింది. అది అడగాల్సిన ప్రశ్నే, తేలాల్సిన తగువే. నేను మాట్లాడుతున్న భాగస్వామ్యానికి మాత్రం ఎకరా నేల అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. మొదటి కబురు ఆ పూటే చేరాలి. పీకల మీదికి వచ్చాక కాకుండా, ఎండాకాలంలోనే వానాకాలం ఒప్పందాలు అయిపోవాలి.

కేరళలో ఏం జరిగిందో చూడండి. 2018 మే నెల. కోళిక్కోడ్ జిల్లాలో పేరాంబ్ర దగ్గర ఒక కుర్రాడు జ్వరంతో చనిపోయాడు. ఏ జబ్బో తేలలేదు. కొద్ది రోజులకు అతని అన్నను కోళిక్కోడ్‌లోని బేబీ మెమోరియల్ అనే ప్రైవేటు ఆస్పత్రికి తెచ్చారు. అక్కడ క్రిటికల్ కేర్ చూసే డాక్టర్ అనూప్ కుమార్, ఆయనతో పనిచేసే డాక్టర్లు జబ్బు ఒక్కటే చూసి ఊరుకోలేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని ఆరా తీశారు. తమ్ముడు ఇలాగే పోయాడని తెలిసింది. బంధువులకూ ఇవే లక్షణాలని తెలిసింది. ఇది మామూలు మెదడు వాపు కాదని వాళ్ళకు తోచింది. నమూనాలు మణిపాల్‌కు పంపారు. అక్కడ వైరస్ పరిశోధన కేంద్రాన్ని నడిపే అరుణ్ కుమార్ బృందం నిపా అనే వైరస్‌ను పట్టుకుంది. ఆ కేంద్రం కూడా ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయానిదే. మే 20 నాటికి పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది. అక్కణ్ణుంచి పని సర్కారు చేతికి వచ్చింది. రోగులతో మెలిగిన రెండు వేల మందికి పైగా మనుషుల జాడ తీసి కాపలా కాశారు. పదిహేడు మంది పోయారు. మొదటి రోగికి సేవ చేసిన పేరాంబ్ర ప్రభుత్వ ఆస్పత్రి నర్సు లినీ కూడా పోయింది. చికిత్స లేని జబ్బు అది, పదుల్లో ఆగింది. రెండో రోగి దగ్గరే అనుమానం పుట్టకపోయుంటే ఎక్కడ ఆగేదో ఊహించడానికే భయం వేస్తుంది.

ఆ రోజు అక్కడ పనిచేసింది పెద్ద యంత్రమేమీ కాదు. "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అన్న ప్రశ్న. మన బస్సులో పెద్దాయన అడిగే ప్రశ్నకు అది తోడబుట్టిందే.

ఇక మన ఇంటి సంగతి. 2020 ఏప్రిల్‌లో అప్పటి ఉమ్మడి కర్నూలు జిల్లా రాష్ట్రంలోనే ఎక్కువ కరోనా కేసులున్న జిల్లా. నంద్యాల వీధులకు అడ్డంగా కట్టెలు కట్టిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మీలో చాలామంది అప్పుడు బడి మూసి ఇంట్లో కూర్చున్న పిల్లలు. ఆ సంక్షోభంలో కర్నూలులో విశ్వభారతి, నంద్యాలలో శాంతిరామ్ కోవిడ్ ఆస్పత్రులయ్యాయి. రెండూ ప్రైవేటు మెడికల్ కాలేజీల ఆస్పత్రులే. గోడలు వాళ్ళవి, ఆదేశం సర్కారుది, లోపల ప్రాణాలు మనవాళ్ళవి. సొంత ఇంటికి పోతే పిల్లలకు అంటుతుందని భయపడి వారాల తరబడి బయటే పడుకున్న నర్సులున్నారు. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. నంద్యాల ఆ ఏడాది గట్టెక్కిందంటే అందులో వాళ్ళ వాటా పెద్దది.

అయితే ఆ ఒప్పందాలన్నీ మంటల మధ్య కుదుర్చుకున్నవి. ప్రైవేటు ఆస్పత్రి రోజుకు ఎంత తీసుకోవాలో జీవోలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కోవిడ్ చికిత్స ఆరోగ్యశ్రీలో అప్పటికప్పుడే చేరింది. ఆరోగ్యశ్రీ రోగులకు సగం పడకలు కేటాయించాలన్న ఆదేశం 2021 మేలో, రెండో అల నెత్తి మీద ఉన్నప్పుడు గట్టిగా వచ్చింది. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడమంటే ఇదే. ఆ తొందరలో ఏం జరగకూడదో అదీ జరిగింది. 2020 ఆగస్టు 9న విజయవాడలో, ఒక ప్రైవేటు ఆస్పత్రి హోటల్లో నడుపుతున్న కోవిడ్ కేంద్రంలో తెల్లవారుజామున మంటలు లేచి పదిమంది చనిపోయారు. కరోనా నుంచి బయటపడదామని పోయినవాళ్ళు పొగలో పోయారు. ముందే చూసిపెట్టిన భవనం, ముందే తనిఖీ చేసిన కరెంటు తీగలు, ముందే రాసుకున్న ఒప్పందం ఉంటే అలా జరిగే వీలు ఎంత తగ్గేది!

ముందే చేసిన పని ఎలా కాపాడుతుందో కూడా ఆ ఏడాదే చూశాం. గోవాలో మోల్‌బయో అనే ప్రైవేటు కంపెనీ క్షయను పట్టుకోవడానికి ట్రూనాట్ అనే చిన్న యంత్రాన్ని తయారుచేసింది. ఏసీ గదులూ పెద్ద ల్యాబులూ లేని చోట కూడా పనిచేసేది. సర్కారు దాన్ని క్షయ నివారణ కార్యక్రమంలోకి తీసుకుంది. కరోనా వచ్చేసరికి ఆ యంత్రాలు అక్కడక్కడా సిద్ధంగా ఉన్నాయి, చిప్పు మారిస్తే చాలింది. మన రాష్ట్రం పరీక్షలు అంత వేగంగా పెంచగలిగిందంటే వాటి పుణ్యం ఎంతో ఉంది. ఒక జబ్బు కోసం కట్టుకున్న బాట ఇంకో జబ్బు నాడు పనికొచ్చింది. మన జిల్లాలో కూడా అలాంటి బాటలు ఇప్పుడే, ఏ భయమూ లేని ఈ రోజుల్లోనే వేసుకోవాలి.

భయం లేదని నేనంటున్నాను గానీ అది నిజమా? 2021 ఏప్రిల్‌లో, దేశమంతా కరోనా మాటే మాట్లాడుతున్నప్పుడు, పాణ్యం మండలం గోరుకల్లులో వాంతులూ భేదులూ మొదలయ్యాయి. మనుషులు చనిపోయారు, పదుల మంది ఆస్పత్రుల పాలయ్యారు. తాగే నీళ్ళ మీదే అనుమానం. గోరుకల్లు అంటే జలాశయం పేరు కదా మనకు. ఎన్నో ఊళ్ళ పొలాలకు నీళ్ళు దాచిపెట్టే ఊరికి గుక్కెడు మంచినీళ్ళు చేటు తెచ్చాయి. మహమ్మారి అంటే చైనా నుంచి విమానంలో వచ్చేదే అనుకోకండి. కుందూ పొంగి వెనక్కి తగ్గిన మరుసటి వారం, మద్దిలేరు పక్క ఇళ్ళలో బురద ఎండకముందే అది వస్తుంది. కేసీ కాలువ కింద వరిమడుల్లో, అడుగంటిన బోరులో, పగిలి మురుగు కాలువలో మునిగిన పైపులో అది పొంచి ఉంటుంది. 2025 చివర్లో స్క్రబ్ టైఫస్ అన్న పేరు రాష్ట్రమంతా మోగింది. గడ్డిలో ఉండే నల్లికన్నా చిన్న పురుగు కుట్టి వచ్చే జబ్బు అది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి మచ్చ కనిపించవచ్చు. చంకలోనో తొడ మీదో ఉంటుంది కాబట్టి వెతికితేనే దొరుకుతుంది. వెతికి పట్టుకుంటే అతి చవకైన డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది. వెతక్కపోతే సెలైన్ల మీద సెలైన్లు ఎక్కించి, ఊపిరితిత్తులదాకా పాకనిచ్చి, ఎకరం అమ్మించి, ఆఖరికి కర్నూలుకు పంపిస్తాం. ఆ మచ్చను వెతికే కళ్ళు మీకు రావాలి. దొరికినప్పుడు అది ఏ పల్లె గడ్డివామిలోంచి వచ్చిందో సర్కారుకు చెప్పే నోరు కూడా రావాలి.

చెప్పడానికి దారి లేదా అంటే, ఉంది. 2004లోనే కేంద్రం వ్యాధుల నిఘా కార్యక్రమం పెట్టింది. 2021 ఏప్రిల్‌లో దానికి ఐహెచ్‌ఐపీ అనే కొత్త పోర్టల్ వచ్చింది. ఊళ్ళో లక్షణాలు చూసి ఏఎన్‌ఎం నింపేది ఎస్ ఫారం, ఫలానా జబ్బని అనుమానించి డాక్టరు నింపేది పి ఫారం, పరీక్షలో తేలితే ల్యాబు నింపేది ఎల్ ఫారం. ప్రైవేటు ఆస్పత్రులూ ల్యాబులూ ఇందులో చేరవచ్చు, చేరాలి. జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో అడిగితే ఎలా చేరాలో చెబుతారు. ఏ రోజు, ఏ ఊరి నుంచి, ఎన్ని జ్వరాలో తెర మీద చుక్కలుగా కనపడే ఏర్పాటు అది. మూడు చుక్కలు ఒకే ఊరి మీద పడితే చాలు, చూసేవాడికి గుండె ఝల్లుమనాలి. నా మేనకోడలి వీధి ఆ తెర మీద పడి ఉంటే!

క్షయ విషయంలో ప్రైవేటువాళ్ళు ఈ పని నేర్చుకున్నారు కూడా. 2012 మేలో సర్కారు ఒక ఆదేశం ఇచ్చింది. ప్రైవేటు డాక్టరు దగ్గర తేలిన క్షయ కేసును కూడా ప్రభుత్వానికి తెలపాలంది. 2018లో తెలపకపోతే శిక్ష అంది. దాంతోపాటు తెలిపినందుకు అయిదువందలు ఇస్తామంది, రోగికి తిండి డబ్బు నెలనెలా బ్యాంకులో వేసింది. అదిలింపూ ఆదరణా రెండూ కలిశాయి. దేశంలో ప్రైవేటు తలుపుల వెనక ఎవరికీ కనిపించకుండా పోయిన లక్షల మంది క్షయ రోగులు ఇప్పుడు లెక్కలోకి వస్తున్నారు. క్షయకు సాధ్యమైనది విషజ్వరాలకు ఎందుకు కాదు?

ఎందుకు కాదో ప్రైవేటు ఆస్పత్రుల యజమానులు నిజాయితీగానే చెబుతారు. డెంగీ ఉందని రాస్తే ఆస్పత్రికి చెడ్డపేరనీ, మరుసటి రోజు అధికారులు వచ్చి పడతారనీ, విలేకరులు గేటు దగ్గర నిలబడతారనీ వాళ్ళ భయం. "సర్కారు మా దగ్గర డబ్బు బాకీ ఉంది, ముందు అది ఇవ్వమనండి" అంటారు ఇంకొందరు. ఆ మాటలో నిజముంది. 2025 అక్టోబరులో బకాయిల కోసం సర్కారు వైద్య పథకంలోని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేదాకా పోయింది. కరోనాలో సొంత క్లినిక్ తెరిచిపెట్టి జబ్బు అంటుకుని పోయిన డాక్టర్ల కుటుంబాలు, సర్కారు ప్రకటించిన యాభై లక్షల బీమా కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. మాట ఇచ్చి తప్పితే రేపు పిలిచినప్పుడు ఎవరు వస్తారు? అందుకే ఒప్పందం ముందే కాగితం మీద ఉండాలంటున్నాను. విపత్తు వస్తే ఏ ఆస్పత్రి ఎన్ని పడకలిస్తుంది, ఆక్సిజన్ ఎవరు తెస్తారు, రోజుకు ఎంత, ఎన్నాళ్ళలో చెల్లింపు, డ్యూటీలో ప్రాణం పోతే నర్సుకూ వార్డుబాయ్‌కీ ఏమిస్తారు అన్నవన్నీ అందులో రాసి ఉండాలి. ఆ కాగితం నంద్యాల కలెక్టరేటు బీరువాలోనే ఉంటే చాలదు. ప్రతి ఆస్పత్రి గోడ మీదా అతికించి ఉండాలి. కబురు చెప్పిన ఆస్పత్రిని వేధించబోమని కూడా అందులో ఒక వాక్యం ఉండాలి. చెప్పినవాణ్ణి దోషిగా చూస్తే, రెండోసారి ఎవడూ చెప్పడు.

2022 డిసెంబరు 27న దేశమంతా ఆస్పత్రుల్లో ఒకేరోజు మాక్ డ్రిల్ జరిగింది. ఆక్సిజన్ వాల్వులు తిప్పి చూశారు, వెంటిలేటర్లు ఆన్ చేసి చూశారు. అలాంటిది మన జిల్లాలో ప్రతి ఏడాదీ తొలకరికి ముందు జరగాలి. ఆళ్లగడ్డ సర్కారు ఆస్పత్రీ, ఎదురు వీధి క్లినిక్కులూ, 108 బండీ కలిసి చేయాలి. 108 పేరు ఎత్తాను కాబట్టి ఒక మాట. ఫోన్ చేస్తే పల్లెదాకా వచ్చే ఆ అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఒక ప్రైవేటు ఫౌండేషన్ చేతుల మీదుగా మొదలైంది, సర్కారు తోడు నిలిచింది. తర్వాత దేశంలో ఎన్నో రాష్ట్రాలు దాన్ని ఎత్తుకున్నాయి. మన తెలుగు నేల మీద పుట్టిన ఆ ఏర్పాటు ఎన్ని కాన్పులను గట్టెక్కించిందో!

ముందే సిద్ధపడటం మన సీమకు కొత్త కాదు. ఉయ్యాలవాడ పేరు వింటే మీ రక్తం ఉరకలేస్తుంది. నరసింహారెడ్డి గుర్తొస్తాడు, 1847లో కోవెలకుంట్ల ఉరికంబం గుర్తొస్తుంది. ఆ ఊరికే చెందిన ఇంకొకాయన్ని కూడా గుర్తు చేసుకోండి. బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో, తిండి లేక జనం చెట్ల ఆకులు దూసుకు తినే రోజుల్లో, ఆయన తన గాదెలు తెరిచి వేల మందికి నెలల తరబడి గంజి పోయించాడు. ఆయన ప్రైవేటు మనిషే. ఏ జీవో ఆయన్ని ఆదేశించలేదు. పరాయి పాలకుల రాణి విక్టోరియా కూడా బంగారు పతకం పంపి తల వంచాల్సి వచ్చింది. నాకు ఆ పతకంకన్నా గాదెలు ముఖ్యం. కరువు వచ్చిన రోజున ఇవ్వాలంటే, అంతకు ముందు పండిన ఏళ్ళలో గాదెలు నింపి ఉండాలి కదా. మన ప్రైవేటు ఆస్పత్రుల యజమానుల్లో చాలామంది ఈ నేల బిడ్డలే. వాళ్ళను వెంగళరెడ్డి ఊరివాళ్ళుగా పిలవండి. సిగ్గుపడేలా కాదు, గర్వపడేలా పిలవండి.

ఊళ్ళో ఆర్‌ఎంపీలను కూడా వదిలేయకండి. వాళ్ళకు ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటి స్టెరాయిడ్లు గుచ్చేవాళ్ళను నేను సమర్థించను, వాళ్ళ చేతుల్లో చెడిన ప్రాణాలు నాకు తెలుసు. కానీ అర్ధరాత్రి జ్వరంతో తలుపు కొడితే తీసేది ఆయనే. ఆయన సంచిలో ఉన్నంత సమాచారం ఏ పోర్టల్లోనూ లేదు. "అన్నా, ఈ వారం మన ఊళ్ళో ఎన్ని జరాలు చూసినావు?" అని మర్యాదగా అడిగితే వేళ్ళ మీద లెక్కబెట్టి చెబుతాడు. మెడికల్ కాలేజీ పిల్లలు సెలవులకు ఊరికి వచ్చినప్పుడు ఆ ప్రశ్న అడగడానికి నామోషీ పడొద్దు.

జాగ్రత్త ఒకటుంది, దీన్ని గట్టిగా పట్టుకోండి. కబురు చెప్పడం వేరు, మనిషిని బజారుకీడ్చడం వేరు. 2020లో రోగుల పేర్లు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి, వాళ్ళ ఇళ్ళ ఫోటోలు తిప్పి, పాలు పోసేవాడు కూడా గడప తొక్కకుండా చేశారు. అలాంటి అవమానం ఒకసారి జరిగితే పది ఊళ్ళు జబ్బును దాచుకోవడం నేర్చుకుంటాయి. రోగి పేరు డాక్టరుకూ, ఆరోగ్య శాఖకూ మాత్రమే చేరాలి. ఊరి పేరు, వీధి పేరు, ఎన్ని కేసులు, ఏ రోజు నుంచి అన్నవి ఆ పూటే చేరాలి. మీ స్నేహితుడైనా, మీ ఎమ్మెల్యే మనిషైనా, పేరు అడిగితే నోరు విప్పకండి.

మరి రేపు పొద్దున్నే ఏం చేయాలి? కౌంటర్లో కూర్చునే అమ్మాయీ, సాఫ్ట్‌వేరులో ఊరి గడిని తప్పనిసరి చేయించమని మీ మేనేజరును అడుగు. చేయకపోతే పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకో. ల్యాబ్ తమ్ముడూ, మలేరియా, డెంగీ, టైఫాయిడు పాజిటివ్‌లు వచ్చినప్పుడు ఊరు చూడు. ఒకే ఊరు రెండోసారి తగిలితే సాయంత్రం డాక్టరు చెవిన వెయ్యి. మూడోసారి తగిలితే ఆగకు, పీహెచ్‌సీకి ఫోన్ చేయించు. ర్యాపిడ్ కిట్ మీద గీత కనపడగానే డెంగీ అని తేల్చేయొద్దు, ఎలీసాకు పంపించే ఏర్పాటు గురించి అడుగు. మందుల షాపులో ఉన్నవాడా, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఒక్క ఊరివాళ్ళే ఎక్కువగా కొంటుంటే, రోగం పేరు నీకు తెలియకపోయినా ఏదో జరుగుతోందని నీకే ముందు తెలుస్తుంది. రెండు మెడికల్ కాలేజీల పిల్లలారా, మీరు ఒకే పట్టణంలో ఉన్నారు. ఒకటి ప్రైవేటు, ఒకటి సర్కారీ. మీ పెద్దలు చేయలేకపోయింది మీరు చేయండి. నెలకోసారి కలిసి కూర్చుని, మీ రెండు ఓపీల్లో జ్వరాలు ఏ మండలాల నుంచి వచ్చాయో ఒక మ్యాపు మీద గుండుసూదులు గుచ్చండి. గది దొరక్కపోతే ఏ చెట్టు కిందైనా కూర్చోండి. మీ ప్రొఫెసర్లు వాళ్ళంతట వాళ్ళే వచ్చి పక్కన నిలబడతారు.

మీరు చెబితే ఎవరు వింటారని మీకు అనిపిస్తుంది. మొదటిసారి వినరు. ఫోన్ ఎత్తరు, ఎత్తినా "మీరెవరు చెప్పడానికి" అంటారు. రెండోసారి చేయండి. తేదీ, ఊరు, సంఖ్య రాసి ఉన్న నోటుబుక్కు ముందు ఏ అధికారీ ఎక్కువసేపు తప్పించుకోలేడు. మీ జీతం పన్నెండు వేలో పదిహేను వేలో అయ్యుండొచ్చు. మీ ఉద్యోగానికి విలువ లేదని మీకెవరైనా చెప్పి ఉండొచ్చు. నమ్మకండి. ఆ వరండాలో నా మేనకోడలి పక్కన కూర్చుని నేను వెతికింది పెద్ద డాక్టరు కోసం కాదు. మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసే ఒక్క మనిషి కోసం.

కనుమ పండగ నాడు అహోబిలం నుంచి పార్వేట పల్లకి బయల్దేరుతుంది. నరసింహస్వామి తన పెళ్ళికి తానే పిలవడానికి వస్తాడని మన పెద్దలు చెబుతారు. నలభై రోజులకు పైగా, ముప్పై పైచిలుకు ఊళ్ళు. దేవుడు కొండ మీద కూర్చుని జనం వచ్చేదాకా ఎదురు చూడడు. తానే ఊరూరా తిరుగుతాడు. ప్రతి ఊళ్ళో పల్లకి దించే అరుగు ఒకటి ఉంటుంది, ఆ రాత్రి ఊరంతా ఆ అరుగు చుట్టూ చేరుతుంది. ఈ ఏడు పల్లకి మీ ఊరికి వచ్చిన రాత్రి, దణ్ణం పెట్టుకున్నాక, అరుగు దగ్గరికి మీ ఏఎన్‌ఎంనూ, ఆశా అక్కనూ, ఆర్‌ఎంపీ అన్ననూ, ఆళ్లగడ్డ క్లినిక్కులో పనిచేసే మీ దోస్తునూ పిలవండి. ఒకరి నంబరు ఒకరు ఫోన్లో ఎక్కించుకోండి. నీళ్ళ ట్యాంకు ఆఖరుసారి ఎప్పుడు కడిగారో అక్కడే అడగండి.

మర్నాడు డ్యూటీకి పోతారు. పొద్దున తొమ్మిదింటికి కౌంటరు ముందు ఒక తల్లి నిలబడి ఉంటుంది. చంకలో పిల్ల, కొంగులో చిల్లర, కళ్ళలో రాత్రంతా నిద్రలేని ఎర్రజీర. కంప్యూటరు పేరు అడుగుతుంది, వయసు అడుగుతుంది. మీరు తలెత్తి ఆమె మొహం చూసి అడగండి.

"ఏ ఊరమ్మా మనది?"